పునరుద్ధరించిన విదేశీ కళాచిత్రాల డిస్కుల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

కురొసావా, ఓజు, బెర్గ్‌మన్, తార్కోవ్‌స్కీ, ఫెల్లినీ వంటి దర్శకుల చిత్రాలను బ్లూ-రే, 4కె డిస్కుల రూపంలో కూడబెట్టాలనుకునే తెలుగువారికి మొదట్లో ఎదురయ్యే సందేహాలకు ఇవి సమాధానాలు. ఈ అభిరుచిలో డబ్బు పెట్టి కొనేది ఒక సినిమాకు చెందిన ఒకానొక ప్రతిని. అది ఏ మూలం నుంచి, ఎప్పుడు, ఎవరి పర్యవేక్షణలో తయారైందన్నదే దాని విలువను నిర్ణయిస్తుంది. కింది సమాధానాలన్నీ ఆ దృష్టితో రాసినవే.

ఈ సినిమాలు స్ట్రీమింగ్‌లో దొరుకుతున్నప్పుడు డిస్కులు కొనడం దేనికి?

దొరికినవి దొరికినట్టే ఉండవు కాబట్టి. అమెరికాలో కళాచిత్రాలకు పెద్ద నెలవుగా పేరుపొందిన ఫిల్మ్‌స్ట్రక్ 2018 నవంబరులో మూతపడింది. దానికి వారసురాలిగా 2019 ఏప్రిల్‌లో మొదలైన క్రైటీరియన్ ఛానెల్ అమెరికా, కెనడా దేశాలకే పరిమితం. మన దేశంలో ముబి వంటి వేదికల్లో మంచి చిత్రాలు వస్తున్న మాట నిజమే గాని, హక్కుల గడువు తీరగానే అవి తొలగిపోతాయి.

రెండవ కారణం నాణ్యత. బ్లూ-రేలో దృశ్యానికి సెకనుకు 40 మెగాబిట్ల వరకు కేటాయించే వీలుంది. 4కె అల్ట్రా హెచ్‌డి డిస్కులో అంతకు రెండు రెట్లకు పైగానే వీలుంటుంది. స్ట్రీమింగ్‌లో అంత రాదు. పొగమంచు, వర్షం, చీకటి గదులు, ఫిల్ము గ్రెయిన్ (బొమ్మలో కదిలే సన్నని రేణువులు) వంటివి తెరపై ఉన్నప్పుడు ఈ తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే తక్కువ సమాచారంతో నెట్టుకురావలసిన చోట సాఫ్ట్‌వేర్ మొదట చెరిపివేసేది అటువంటి సన్నని వివరాలనే. హంగేరీ దర్శకుడు బెలా తార్ చిత్రంలోని వానను స్ట్రీమింగ్‌లో ఒకసారి, డిస్కులో ఒకసారి చూసినవారికి దీనిని వేరుగా వివరించనక్కర లేదు.

‘పునరుద్ధరణ’ అన్నప్పుడు వాస్తవంగా ఏం చేస్తారు?

దొరికినంతలో అసలు కెమెరా నెగటివ్‌కు దగ్గరగా ఉన్న మూలాన్ని వెతకడంతో పని మొదలవుతుంది. 1950ల తొలినాళ్ల వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము సులభంగా అంటుకుంటుంది. తరువాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు కుళ్లి వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది. ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి వర్ణం ముందుగా వెలిసిపోయి బొమ్మంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇన్ని గండాలు దాటి మిగిలిన రీళ్లను శుభ్రం చేసి, చిరుగులు అతికి, స్కాన్ చేసి, గీతలను, దుమ్మును, వణుకును కంప్యూటర్‌లో తగ్గించి, చివరగా రంగులను, వెలుగునీడలను సరిదిద్దుతారు. శబ్దానికి ఇదే తరహా పని విడిగా జరుగుతుంది.

ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ సత్యజిత్ రాయ్ అపు త్రయం. 1993లో లండన్‌లోని హెండర్సన్స్ లాబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ మూడు చిత్రాల నెగటివ్‌లు కాలిపోయాయి. ఎందుకూ పనికిరావని అందరూ అనుకున్న ఆ మసిబారిన రీళ్లను అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ పారవేయకుండా దాచి ఉంచింది. రెండు దశాబ్దాల తరువాత ఇటువంటి చిత్రాల డిస్కులు విడుదల చేసే క్రైటీరియన్ సంస్థతో కలిసి వాటిని ఇటలీలోని బొలోన్యా నగరంలో ఉన్న లిమాజినె రిత్రొవాత ప్రయోగశాలకు పంపారు. అక్కడి నిపుణులు పెళుసెక్కిన ఫిల్ముకు తిరిగి తేమ పట్టించి, కరిగి అంటుకున్న టేపును ఒలిచి, పక్కల ఉండే రంధ్రాలను ఒక్కొక్కటిగా చేత్తో బాగుచేశారు. ఈ చేతిపనికే దాదాపు వెయ్యి గంటలు పట్టింది. నెగటివ్ పూర్తిగా పోయిన చోట్ల వివిధ ఆర్కైవ్‌లలోని నకలు ప్రతులను వాడారు. 2015లో ఆ చిత్రాలు మళ్లీ తెరకెక్కాయి. ‘పథేర్ పాంచాలి’ డిస్కులో కొన్ని షాట్లు అద్దంలా ఉండి, వాటి పక్కనే కొన్ని కాస్త మెత్తగా కనిపిస్తే, కారణం మూలం మారడమే. మీ టీవీని అనుమానించవలసిన పని లేదు.

అందుచేత డిస్కుతో వచ్చే చిన్న పుస్తకంలో, ఫిల్మును డిజిటల్ రూపానికి మార్చిన తీరు చెప్పే ‘బదిలీ గురించి’ అన్న పేరాను ముందుగా చదవండి. అసలు నెగటివ్ నుంచి తీశారా, ఫైన్ గ్రెయిన్ పాజిటివ్ (నెగటివ్ నుంచి నేరుగా తీసిన నాణ్యమైన నకలు) నుంచా, థియేటర్ ప్రింటు నుంచా అన్నది అక్కడ రాసి ఉంటుంది. ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ అసలు నెగటివ్ అగ్నికి ఆహుతైంది. కాబట్టి దాని డిస్కు ఎంత మంచిదైనా, నెగటివ్ క్షేమంగా ఉన్న చిత్రాలంత పదునుగా ఉండాలని ఆశించడం అన్యాయం.

అట్ట మీద ‘కొత్త 4కె పునరుద్ధరణ’ అని ఉంది, లోపల మామూలు బ్లూ-రే ఉంది. ఇది మోసమా?

కాదు. 4కె అన్నది అక్కడ స్కానింగుకు, పునరుద్ధరణ పనికి సంబంధించిన కొలత. ఆ ఫలితాన్ని 1920 × 1080 పరిమాణానికి కుదించి బ్లూ-రేగా విడుదల చేయడం సర్వసాధారణం. పూర్తి 4కె కావాలనుకుంటే అట్ట మీద ‘అల్ట్రా హెచ్‌డి’ గుర్తు ఉండాలి, దానికి తగిన ప్లేయరూ ఉండాలి. 55 అంగుళాల టీవీకి పది అడుగుల దూరంలో కూర్చునేవారు ఈ తేడా కోసం రెట్టింపు ఖర్చు పెట్టవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. ప్రొజెక్టర్ ఉన్నవారి సంగతి వేరు.

రీజియన్ కోడ్ అంటే ఏమిటి? అమెరికా డిస్కు హైదరాబాద్‌లో ఆడుతుందా?

కొత్తగా వచ్చినవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. బ్లూ-రేలకు ప్రపంచాన్ని మూడు భాగాలు చేశారు. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా ‘ఎ’. ఐరోపాలో అధిక భాగం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ‘బి’. భారత్, చైనా, రష్యా ‘సి’. డివిడిలలో మనది 5వ రీజియన్. క్రైటీరియన్ వారి అమెరికా బ్లూ-రేలు ‘ఎ’కి, బ్రిటన్‌కు చెందిన యురేకా సంస్థ మాస్టర్స్ ఆఫ్ సినిమా శ్రేణిలో అధిక భాగం ‘బి’కి బిగించి ఉంటాయి. అంటే ఇక్కడి దుకాణంలో కొన్న మామూలు ప్లేయర్‌లో రెండూ ఆడకపోవచ్చు. అట్ట వెనుక అడుగున ఉండే చిన్న గుర్తులో ఏ అక్షరం ఉందో చూసుకోకుండా ఆర్డరు పెట్టకండి.

4కె అల్ట్రా హెచ్‌డి డిస్కులకు రీజియన్ కట్టుబాటు లేదు. అయితే అక్కడా ఒక మెలిక ఉంది: పెట్టెలో సాధారణంగా సినిమా ఒక్కటే 4కె డిస్కులో ఉండి, ఇంటర్వ్యూలు, డాక్యుమెంటరీలు పక్కనున్న బ్లూ-రేలో ఉంటాయి, ఆ బ్లూ-రేకు మాత్రం రీజియన్ తాళం ఉంటుంది. సినిమా చూడగలుగుతారు, అనుబంధాలు చూడలేరు.

దీర్ఘకాలం సేకరించాలన్న ఉద్దేశం ఉంటే మొదటి పెట్టుబడిగా మల్టీ-రీజియన్ ప్లేయర్ కొనుక్కోవడం మేలు. డివిడికి రిమోట్‌తో ఒక సంఖ్య నొక్కి తాళం తీసే సౌలభ్యం చాలా ప్లేయర్లలో ఉండేది గాని, బ్లూ-రేకు చాలాసార్లు లోపల మార్పు చేసిన ప్లేయరే కావాలి. కంప్యూటర్ డ్రైవ్‌లో డివిడి రీజియన్‌ను అయిదుసార్లే మార్చగలరు. ఆ తరువాత అది చివరిదాని దగ్గరే ఆగిపోతుంది. ప్లేయర్ల తయారీ కూడా ఏటేటా తగ్గిపోతోంది. సేకరణాభిమానులు నెత్తిన పెట్టుకున్న ఒప్పో సంస్థ ఈ తయారీ నుంచి 2018లోనే తప్పుకుంది. కాబట్టి మంచి యంత్రం చేతిలో ఉన్నవారు దానిని జాగ్రత్తగా చూసుకోవాలి.

ఏ లేబుళ్లను (డిస్కులు విడుదల చేసే సంస్థలను) నమ్మవచ్చు?

క్రైటీరియన్ పేరు అందరికీ తెలిసినదే. 1984లో లేజర్‌డిస్కులతో మొదలై, చిత్రాన్ని అసలు కొలతల్లో చూపడాన్ని, నిపుణుల వ్యాఖ్యానాన్ని విడి ట్రాకుగా ఇవ్వడాన్ని అలవాటు చేసిన సంస్థ అది. అంతమాత్రాన ప్రతి చిత్రానికీ వారి ప్రతే ఉత్తమమని అనుకోవడం తొందరపాటు. బ్రిటన్‌లో బిఎఫ్‌ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్), మాస్టర్స్ ఆఫ్ సినిమా, ఆరో, రేడియన్స్ సంస్థల పని దానికి తీసిపోదు. చెక్, స్లొవాక్, హంగేరియన్ చిత్రాల విషయంలో లండన్‌కు చెందిన సెకండ్ రన్ అనే చిన్న సంస్థకు సాటి లేదు. పైగా వారి బ్లూ-రేలు ఎక్కువగా ఏ రీజియన్‌లోనైనా ఆడతాయి కాబట్టి మల్టీ-రీజియన్ ప్లేయర్ లేనివారు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఫ్రాన్స్‌లో కార్లొత్తా, పొతెమ్‌కిన్ ఉన్నాయి, కాని సబ్‌టైటిళ్ల సంగతి కింద చదివాకే వాటి జోలికి వెళ్లండి.

2000ల చివర్లో పాలడార్, ఎన్‌డిటివి ల్యుమియేర్ వంటి సంస్థలు ఇటువంటి చిత్రాలను మన దేశంలోనే డివిడిలుగా అమ్మేవి. ఆ ముచ్చట ఎక్కువ కాలం సాగలేదు.

బొమ్మ మీద ఇసుక రేణువుల్లాంటి కదలిక కనిపిస్తోంది. డిస్కులో లోపమా?

అది ఫిల్ము గ్రెయిన్. రసాయనపు పూతలోని వెండి కణాల నుంచి బొమ్మ ఏర్పడుతుంది కాబట్టి ఆ కణాల అల్లికే బొమ్మ. దానిని తుడిచేస్తే బొమ్మా కొంత పోతుంది. పెద్ద తెరపై ఒక ముసలి నటుడి ముఖాన్ని దగ్గరగా చూడండి. గ్రెయిన్ ఉన్న ప్రతిలో చెంప మీది ముడతలు, గడ్డపు మొన, కనురెప్పల తడి విడివిడిగా తెలుస్తాయి. ‘నాయిస్ రిడక్షన్’ పేరుతో సాఫ్ట్‌వేర్ గ్రెయిన్‌ను గట్టిగా తుడిచిన ప్రతిలో అదే ముఖం మైనపు బొమ్మలా నున్నగా ఉంటుంది, తల తిప్పినప్పుడు చర్మం ఒక క్షణం ఆలస్యంగా కదిలినట్టు అనిపిస్తుంది. ఫ్రెంచి చిత్రం ‘చిల్డ్రన్ ఆఫ్ ప్యారడైజ్’కు 2011లో జరిగిన పునరుద్ధరణపై ఈ కారణంగానే విమర్శలు వచ్చాయి. టీవీలో ‘నాయిస్ రిడక్షన్’, ‘మోషన్ స్మూతింగ్’, ‘షార్ప్‌నెస్’ అమరికలను ముందు ఆపివేసి, ఆ తరువాత డిస్కును తప్పుపట్టండి.

కొత్త ప్రతిలో రంగులు పాత డివిడిలోలా లేవు. ఏది నిజం?

ఈ రంగంలో అన్నింటికంటే వేడిగా చర్చ జరిగేది దీని మీదే. నెగటివ్‌లో ఉన్నది ముడిసరుకు. విడుదలైన ప్రింటులో రంగులు ఎలా ఉండాలో అప్పట్లో ఛాయాగ్రాహకుడు, ల్యాబ్ సాంకేతికులు కలిసి తేల్చేవారు. ఆ నిర్ణయాలకు ఆధారం మంచి పాత ప్రింటు రూపంలో మిగలకపోతే, రంగులు సరిదిద్దే నేటి కలరిస్టు తన ఊహ మీద ఆధారపడవలసి వస్తుంది. కొన్ని ఐరోపా ల్యాబుల పనుల్లో తెలుపు పసుపుగా, నీడలు ఆకుపచ్చ కలిసిన నీలంగా మారిపోతున్నాయన్న ఫిర్యాదు పదేళ్లకు పైగా వినబడుతోంది, అందులో నిజం లేకపోలేదు.

దర్శకుడే స్వయంగా మార్చినప్పుడు సమస్య ఇంకా జటిలమవుతుంది. 2021లో క్రైటీరియన్ తెచ్చిన వాంగ్ కార్-వై ఏడు చిత్రాల పెట్టె ఇందుకు ఉదాహరణ. దర్శకుని పర్యవేక్షణలోనే రంగులు మారాయి, ‘ఫాలెన్ ఏంజెల్స్’ చిత్రపు కొలతలు వెడల్పయ్యాయి. ‘హ్యాపీ టుగెదర్’ నెగటివ్‌లో కొంత భాగం అగ్నిప్రమాదంలో పోవడంతో కొన్ని మాటలు కుదించారు. ఇది కొత్త ప్రతి అని ఆయన దాచకుండా ముందే చెప్పారు. తన సినిమాను మార్చుకునే హక్కు ఆయనకు ఉంది. అయితే 1990లలో ప్రేక్షకులు థియేటర్లలో చూసిన రూపం కూడా చరిత్రే, దానిని దొరకకుండా చేయకూడదు. ఈ చిత్రాల పాత బ్లూ-రేలు మీ దగ్గర ఉంటే అమ్మకండి.

పాత నలుపు-తెలుపు చిత్రాలకు రంగులు వేయడం కూడా పునరుద్ధరణేనా?

కాదు. మనవారికి ఈ సందేహం రావడానికి కారణం ‘మాయాబజార్’. 1957 నాటి ఆ చిత్రాన్ని హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగుల్లోకి మార్చి 2010 జనవరిలో విడుదల చేసింది, జనం ఆదరించారు. అది ముచ్చటైన పనే కావచ్చు, కాని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునీడలను అమర్చింది నలుపు-తెలుపు కోసం. ఉన్నదానిని ఉన్నట్టు నిలబెట్టేది పునరుద్ధరణ. లేనిదానిని చేర్చేది వేరే కళ. ఫ్రాన్స్‌లో జాక్ తాతి ‘జూర్ ద ఫేత్’ కథ దీనికి పూర్తిగా భిన్నమైనది: 1940ల చివర దానిని రంగుల ఫిల్ము మీదా, నలుపు-తెలుపు మీదా ఏకకాలంలో తీశారు. ఆ రంగుల విధానంలో ప్రింట్లు తీయలేకపోవడంతో నలుపు-తెలుపే విడుదలైంది, రంగుల రూపం 1995లో గాని బయటకు రాలేదు. అక్కడి రంగులు కెమెరా పట్టినవే.

సబ్‌టైటిళ్ల విషయంలో ఏం చూసుకోవాలి?

తెలుగు సబ్‌టైటిళ్లు ఈ డిస్కులలో దొరకవు. ఇంగ్లీషు ఒక్కటే దిక్కు. జపాన్‌లో విడుదలైన జపనీస్ చిత్రాలకు, ఫ్రాన్స్‌లో విడుదలైన ఫ్రెంచి చిత్రాలకు అది కూడా చాలాసార్లు ఉండదు. ఫ్రెంచి డిస్కులలో విదేశీ చిత్రానికి ఫ్రెంచి సబ్‌టైటిళ్లు తీసివేయడానికి వీల్లేకుండా పెట్టడమూ ఉంది. కొనేముందు అమ్మకందారు ఇచ్చిన వివరాలతో సరిపెట్టుకోకుండా డిస్కు సమీక్షలలో సరిచూసుకోండి.

మూకీ చిత్రాల ప్రతులు ఒక్కోటి ఒక్కో నిడివితో ఉన్నాయెందుకు?

మూకీల కాలంలో సెకనుకు ఇన్ని ఫ్రేములన్న స్థిరమైన నియమం లేదు. డ్రయర్ తీసిన ‘ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ను సెకనుకు 20 ఫ్రేములతో ఆడిస్తే ఒక నిడివి, 24తో ఆడిస్తే మరొకటి; మంచి డిస్కులు రెండింటినీ ఇస్తాయి. 1928 నాటి ఆ చిత్రపు అసలు నెగటివ్ కాలిపోగా, మొదటి కూర్పుకు చెందిన ప్రింటు 1981లో ఓస్లోలోని ఒక మానసిక చికిత్సాలయపు అలమారలో బయటపడింది.

నిడివి మారడానికి మరో కారణం కొత్త రీళ్లు దొరకడం. ఫ్రిట్జ్ లాంగ్ ‘మెట్రోపొలిస్’కు 2008లో బ్యూనస్ ఐరిస్‌లో ఒక 16 ఎంఎం నకలు దొరికింది. అందులోని దాదాపు 25 నిమిషాల దృశ్యాలను కలిపి 2010లో పూర్తి కూర్పును ప్రదర్శించారు. ఆ భాగాలు గీతలమయంగా, ఫ్రేము కొంత కోసుకుపోయి ఉంటాయి. వాటిని మరీ మెరుగు పెట్టకుండా అలాగే వదలడం నాకు నచ్చిన నిర్ణయం, ఎందుకంటే ఏ దృశ్యాలు ఎనభై ఏళ్లు కనబడకుండా పోయాయో చూస్తుండగానే తెలిసిపోతుంది.

టీవీ నిండా బొమ్మ రావడం లేదు. జూమ్ చేయవచ్చా?

చేయకండి. వెడల్పును ఎత్తుతో పోల్చితే 1950ల ముందటి చిత్రాలు 1.37 నిష్పత్తిలో, ఐరోపా చిత్రాలు చాలావరకు 1.66లో ఉంటాయి. నేటి టీవీ అంతకంటే వెడల్పు కాబట్టి పక్కల నల్లటి పట్టీలు వస్తాయి. జూమ్ చేస్తే బొమ్మ పైనా కిందా కోసుకుపోతుంది.

ఖర్చు ఎంత అవుతుంది? తగ్గించుకునే మార్గాలున్నాయా?

డిస్కు ధర కంటే రవాణా, కస్టమ్స్ సుంకం మోయలేనివిగా ఉంటాయి. సుంకాన్ని వస్తువు విలువకు రవాణా ఖర్చును కలిపి లెక్కిస్తారు కాబట్టి, ఖరీదైన కొరియర్‌లో ఒక్క డిస్కు తెప్పించుకోవడం రెండు విధాలా నష్టం. అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్ దుకాణాలు ఏళ్లుగా జూలై, నవంబరు నెలల్లో క్రైటీరియన్ డిస్కులను సగం ధరకు అమ్ముతున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిన్ని కొడుకు చేత అప్పుడు కొనిపించి, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెమ్మనడమే మన ఇళ్లలో అనాదిగా సాగుతున్న పద్ధతి. ఒకే దర్శకుని చిత్రాలు ఎక్కువగా కావాలనుకుంటే పెట్టెలు లాభసాటి: 2018లో వచ్చిన బెర్గ్‌మన్ పెట్టెలో 39 చిత్రాలున్నాయి. బరువు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది, తెచ్చేవారి సూట్‌కేసును దృష్టిలో పెట్టుకోండి.

ఫలానా డిస్కు ఇప్పుడు దొరకడం లేదు. ఎందుకు?

లేబుళ్లు చిత్రాలను సొంతం చేసుకోవు, కొంత కాలానికి హక్కులు తీసుకుంటాయి. 2010 ప్రాంతంలో ఫ్రెంచి సంస్థ స్టూడియోకనాల్ తన చిత్రాలను క్రైటీరియన్ నుంచి వెనక్కు తీసుకోవడంతో ‘ది థర్డ్ మ్యాన్’ సహా ఎన్నో డిస్కులు ముద్రణలో లేకుండా పోయి, పాత ప్రతుల ధరలు ఆకాశానికి ఎక్కాయి. అటువంటి ధర చెల్లించే ముందు వేరే దేశంలో అదే చిత్రం ఇంకా మంచి ప్రతిగా వచ్చిందేమో చూడండి. చాలాసార్లు వచ్చే ఉంటుంది. మరీ చవకగా, పేరులేని లేబుల్ మీద, పునరుద్ధరణ వివరాలు ఏమీ లేకుండా కనిపించేవి చాలావరకు దొంగ ప్రతులే.

విశాఖ, కాకినాడ వంటి తేమ ఉన్న ఊళ్లలో డిస్కులను ఎలా భద్రపరచాలి?

నిలువుగా, గోడకు ఆనకుండా, ఎండ తగలని చోట ఉంచండి. బ్లూ-రేలో సమాచారం ఉండే పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటర్ల లోతులోనే ఉంటుంది. డివిడిలో అది 0.6. బ్లూ-రేకు గట్టి పూత రక్షణగా ఉన్నా, దానిని దాటి గీత పడితే బాగుచేయలేము. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. వానాకాలంలో అసలు బెడద అట్టపెట్టెలకు, పుస్తకాలకు వస్తుంది: బూజు, చెదలు ముందు వాటినే పడతాయి. అరలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ఏటా మార్చండి.

బ్లూ-రే వచ్చాక పాత డివిడిలను వదిలించుకోవచ్చా?

ఒకటి రెండు విషయాలు చూసుకున్నాక వదిలించుకోవచ్చు. ‘పాల్’ అనే టీవీ ప్రమాణంలో వచ్చే ఐరోపా డివిడిలలో సెకనుకు 24 ఫ్రేముల చిత్రాన్ని 25తో ఆడిస్తారు కాబట్టి 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులు, సంగీతం కాస్త పై శ్రుతిలో వినిపిస్తాయి. అటువంటివి పోయినా చింత లేదు. కాని పాత డివిడిలోని వ్యాఖ్యానం, ఇంటర్వ్యూలు కొత్త డిస్కులోకి రాకపోవడం తరచూ జరుగుతుంది. కూర్పు వేరు కావచ్చు కూడా: బెర్గ్‌మన్ ‘ఫ్యానీ అండ్ అలెగ్జాండర్’కు 188 నిమిషాల థియేటర్ రూపం, 312 నిమిషాల టెలివిజన్ రూపం ఉన్నాయి, కొన్ని విడుదలలలో ఒకటే ఇస్తారు. కొత్త డిస్కు వచ్చాక రెండింటి వెనుక అట్టలను పక్కపక్కన పెట్టి, నిడివిని, అనుబంధాలను పోల్చి చూసి, అప్పుడు పాతదానిని అమ్మకానికి పెట్టండి.